పెరటి కూరగాయలను ఎండబెట్టి నిలువచేయు విధము

ఇంటి పెరటిలో పండిన కూరగాయలకు ఒక స్వభావము కలదు. పంట వచ్చినప్పుడు అంతయు ఒక్కమారుగా వచ్చును. రానప్పుడు ఏమియు రాదు. ఢిల్లీ నగరమునందును, దానిని ఆనుకొనియున్న గురుగ్రామ్, ఫరీదాబాద్, నోయిడా, గాజియాబాద్ పట్టణములందును క్వార్టర్ల పెరళ్లలోను, మేడలమీది కుండీలలోను కూరలు పెంచుకొను కుటుంబములకు ఈ సంగతి అనుభవమే. ఫిబ్రవరి, మార్చి నెలలలో మెంతికూర, పాలకూర, క్యారట్, కాలీఫ్లవర్ ఇంటిల్లిపాది తిన్నను తరుగనంతగా వచ్చును. ఇరుగుపొరుగులకు పంచగా మిగిలినది వాడిపోవును. జూలై, ఆగస్టు నెలలు వచ్చునప్పటికి పరిస్థితి తలక్రిందులగును. వానలకు ఆకు కుళ్లును. బజారులో ధర హెచ్చును. దొరికిన ఆకు బురదతోను పురుగులతోను నిండియుండును. ఆ రెండు మూడు నెలలును పెక్కు ఇండ్లలో ఆకుకూర వండుటయే మానివేయుదురు.

మార్చిలో వృథాయగు కూరను జూలైకి దాచుటకు విలువైన యంత్రములు అక్కరలేదు. ఈ రెండు కాలములకు నడుమ ఢిల్లీలో పొడిగాలి వీచు మూడు నెలలు కలవు. ఆ గాలిని ఉపయోగించుకొను నేర్పు ఉన్న చాలును. నేర్పు లేనిచో మాత్రము రెండు విధములుగా నష్టము వాటిల్లును. ఆకును మండుటెండలో ఉంచినచో దానియందలి పోషకశక్తి నశించును. సగము మాత్రమే ఎండిన కూరను డబ్బాలో పెట్టినచో బూజుపట్టి విషతుల్యమగును. ఈ రెండు నష్టములను తప్పించుకొను విధము ఈ క్రింద వివరింపబడినది.

ఎండబెట్టుట యనగా నేమి?

తాజా కూరగాయలలో అధికభాగము నీరే. మెంతికూర, క్యారట్ వంటి వానిలో నూటికి సుమారు 86 పాళ్లు, బెండకాయలో సుమారు 90 పాళ్లు, వంకాయ, కాకరకాయలలో అంతకు మించియు నీరుండును. కూరను కుళ్లజేయు సూక్ష్మజీవులకు ఈ నీరే ఆధారము. నీటిని నూటికి ఏడెనిమిది పాళ్లకు తగ్గించినచో అవి చావకపోయినను పెరుగజాలవు. ఎండిన కూర నెలల తరబడి చెడకుండుటకు కారణ మిదియే.

ఈ లెక్క నెరిగియున్నచో ఇంటిలోని త్రాసుతోనే ఒక పరీక్ష చేయవచ్చును. కిలో మెంతి ఆకులో నీరుపోగా మిగులు పదార్థము సుమారు 140 గ్రాములు. చక్కగా ఎండిన పిమ్మట దాని తూకము 150 గ్రాములకు అటునిటుగా నిలువవలెను. కిలో బెండకాయ ముక్కలైనచో 110 గ్రాములకు మించరాదు. కిలో ఆకు ఎండిన పిమ్మటను 250 గ్రాములు తూగినచో అధికముగా వచ్చినదని సంతసింపరాదు. అందు నూటికి నలువది పాళ్లకు పైగా నీరు ఇంకను నిలిచియున్నదని గ్రహింపవలెను.

కూరను ఎండించునది ఎండయే యని సామాన్యముగా తలంతురు. నిజమునకు ఎండించునది పొడిగాలి. ఎండ దానికి తోడ్పడును. వర్షాకాలమున ఆకాశము తెరపి యిచ్చి ఎండ కాసినను ఉతికిన బట్టలు ఆరుటకు ఎంతయో కాలము పట్టుట అందరును ఎరిగినదే. గాలిలో అప్పటికే తేమ నిండియున్నందున క్రొత్త తేమను అది స్వీకరింపజాలదు. ఢిల్లీలో మే నెల మధ్యాహ్నమున ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటీగ్రేడు చేరుటయు, గాలిలోని తేమ నూటికి 20 పాళ్లకు దిగుటయు సాధారణము. అట్టి గాలిలో పలుచని ఆకు గదిలోపల నీడయందే ఎండిపోవును. ఢిల్లీవాసులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన విషయ మిదియే.

పూర్వాచారములు

కూరలను ఎండబెట్టుట తెలుగువారికి క్రొత్త కాదు. వంకాయ, కాకర, గోరుచిక్కుడు, దోసకాయ, మామిడికాయ ముక్కలను వరుగులుగా చేయుట, మిరపకాయలను మజ్జిగలో ఊరవేసి ఎండబెట్టుట, బూడిదగుమ్మడితో వడియములు పెట్టుట మన ఇండ్లలో తరతరములుగా నున్న అలవాటు. ఇతర ప్రాంతములవారును తమ తమ వాతావరణమునకు అనువగు పద్ధతులను ఏర్పరచుకొనిరి. కాశ్మీరమున మంచు కురియు కాలమునకై వంకాయ, సొరకాయ, టమాటా ముక్కలను ముందుగనే ఎండబెట్టి దాచుదురు. ఇట్టి ఎండు కూరలను వారు 'హోఖ్ స్యూన్' అందురు. రాజస్థాన్ ఎడారి ప్రాంతమున 'సాంగరీ' అను ఎండు కూర ప్రసిద్ధము. అది మన జమ్మిచెట్టు కాయయే. పంజాబు, ఢిల్లీ ప్రాంతముల వంటకములలో విరివిగా వాడబడు 'కసూరీ మేథీ' ఎండిన మెంతి ఆకు. దానికి ఆ పేరు ఇప్పుడు పాకిస్తానులోనున్న కసూర్ పట్టణమునుబట్టి వచ్చినది. నేడు రాజస్థాన్‌లోని నాగౌర్ ప్రాంతము దాని సాగునకు పేరొందినది.

తెలుగునాట, విశేషించి కోస్తా జిల్లాలలో, వేసవియందును సముద్రపు గాలివలన తేమ యుండును. కనుక అచ్చట మండుటెండకును, ఉప్పునకును ప్రాధాన్యము కలిగినది. అదే పద్ధతిని ఢిల్లీలో యథాతథముగా అనుసరింపవలసిన అవసరము లేదు. ఇచ్చటి వేసవిగాలి పొడిగాలి గనుక ఉప్పు లేకయే పెక్కు కూరలు ఎండును. ఆకుకూరలకు ఎండ తగులవలసిన పనియే లేదు.

మిగులునది, పోవునది

ఎండబెట్టిన కూర తాజా కూరకు సరిసమానము కాదు. ఇనుము, కాల్షియము వంటి ఖనిజములును, పీచుపదార్థమును దాదాపు అంతయు నిలుచును. విటమిను-సి చాల భాగము నశించును. ఆకుపచ్చని ఆకులందును, క్యారట్‌నందును ఉండు కెరోటిన్ ఈ రెండింటికి నడుమ నున్నది: తగిన జాగ్రత్త తీసుకొన్నచో గణనీయముగా నిలుచును, లేనిచో పోవును. శరీరమున విటమిను-ఏ తయారగుటకు ఈ కెరోటినే ఆధారము.

విటమిను-ఏ లోపించినచో మొదట రేచీకటి కలుగును. పిల్లలలో లోపము ముదిరినచో కంటి నల్లగ్రుడ్డు చెడి చూపే పోవచ్చును. ఒకప్పుడు మన దేశమున వేలాది పిల్లలు ఈ కారణమున అంధులైరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ జరిపిన పరిశోధనలు ఆధారముగా, చిన్నపిల్లలకు ఆరు నెలలకొకమారు విటమిను-ఏ ద్రావణమును త్రాగించు కార్యక్రమమును భారత ప్రభుత్వము 1970లో ప్రారంభించెను. ఆ వ్యాధి తీవ్రరూపము నేడు చాలవరకు తగ్గినది. అయినను ద్రావణము ఆహారమునకు బదులు కాజాలదు. ఏడాది పొడవునను పిల్లల కంచములో ఆకుకూర ఉండుటయే శాశ్వతమగు రక్షణ.

కెరోటిన్‌కు శత్రువులు మూడు: సూర్యకాంతి, గాలిలోని ప్రాణవాయువు, ఆకులో సహజముగా నుండి దానిని విరుగగొట్టు ఎన్‌జైములు. ఆకును నీడలో ఎండబెట్టినచో మొదటి శత్రువు దూరమగును. ఎండబెట్టుటకు ముందు కొద్దిసేపు ఆవిరిపట్టినచో ఎన్‌జైములు అణగును. ఎండిన ఆకును మూత బిగుతుగానున్న పాత్రలో, వెలుతురు సోకనిచోట ఉంచినచో తక్కిన నష్టము తగ్గును. ఎండలో ఎండిన ఆకు పసుపు లేక గోధుమ వన్నెకు తిరుగుటయు, నీడలో ఎండినది పచ్చగా నిలుచుటయు ఈ భేదమునకు కంటికి కనబడు సూచన.

ఢిల్లీలో అనువగు కాలము

మార్చి నెల నడిమి నుండి జూన్ నడిమి వరకు ఉత్తమమగు కాలము. శీతాకాలపు పంటలో మిగిలిన మెంతి, పాలకూర, క్యారట్, కాలీఫ్లవర్, బఠాణీలను మార్చి, ఏప్రిల్ నెలలలోను, వేసవి పంటలగు బెండ, కాకర, వంకాయ, గోరుచిక్కుడు, మిరపకాయలను మే, జూన్ నెలలలోను ఎండబెట్టవచ్చును. నైరృతి ఋతుపవనములు సామాన్యముగా జూన్ చివరివారమున ఢిల్లీని చేరును. వాని రాకకు ముందే పని ముగించి డబ్బాలకు మూతలు వేయవలెను. సెప్టెంబరు చివర వానలు వెనుదిరుగువరకు ఇంటిలో క్రొత్తగా ఎండబెట్టు ప్రయత్నము చేయరాదు.

అక్టోబరు, నవంబరు నెలలలో గాలి కొంత పొడిగానుండును గాని అది పరిశుభ్రమగు గాలి కాదు. పొలములలో కొయ్యకాళ్లను తగులబెట్టుటవలన వచ్చు పొగయు, వాహనముల పొగయు, ధూళియు గాలి కదలికలేని ఆ దినములలో నగరముపై నిలిచిపోవును. వాయునాణ్యతా సూచిక 300 దాటిన దినములలో ఏ తినుబండారమును ఆరుబయట ఆరవేయరాదు. డిసెంబరు, జనవరి నెలలలో పొగమంచువలన కూర ఎండక మెత్తబడి పాడగును. మే, జూన్ నెలలలో సాయంకాలపు దుమ్ముగాలి, అనగా ఇచ్చటివారు 'ఆంధీ' అనునది, హెచ్చరిక లేకుండ వచ్చును. కావున పళ్లెములను వెంటనే లోనికి తీసుకొనుటకు వీలుగా అమర్చుకొనవలెను.

ఏ కూరను ఎండబెట్టవలెను?

లేతగా, ఆరోగ్యముగానున్న కూరనే ఎన్నుకొనవలెను. వాడినది, మచ్చలుపడినది, పురుగుపట్టినది ఎండబెట్టినంతమాత్రమున బాగుపడదు. పురుగుమందు చల్లియున్నచో ఆ మందునకు నిర్ణయించిన గడువు దినములు గడచినపిమ్మటనే కోయవలెను. కిలో కూర నూటయేబది గ్రాములుగా తగ్గునప్పుడు నీరు మాత్రమే పోవును. మందుగాని, సీసము వంటి లోహములుగాని పోవు. పదార్థము తగ్గినకొలది వాని సాంద్రత హెచ్చును. యమునానది వరదభూములలో కాలుష్యము కారణముగా తినుపంటల సాగును జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో నిషేధించెను. కూర ఎచ్చట, ఏ నీటితో పండినదో తెలిసియుండుట ఎంత అవసరమో దీనివలన స్పష్టమగుచున్నది. సొంత కుండీలో, శుభ్రమగు మట్టిలో, మంచినీటితో పండించిన కూరయే ఎండబెట్టుటకు శ్రేష్ఠము. కుండీలు రద్దీగానుండు రోడ్డువైపున ఉన్నచో ఆకును మరింత శ్రద్ధగా కడుగవలెను.

విధానము

కోయుట, కడుగుట: ఉదయమున మంచు ఆరిన వెంటనే కోసి అదేదినమున పని ప్రారంభింపవలెను. చేతులు, కత్తి, పీట సబ్బుతో కడుగుకొనవలెను. ఆకును మూడునాలుగు మారులు నీరు మార్చి, అడుగున మట్టి చేరకుండునంతవరకు కడుగవలెను. కాడలను వేరుచేయవలెను. కాయలను ముందు కడిగి, తుడిచి, పిమ్మట తరుగవలెను. ముక్కల మందము మూడు నుండి ఐదు మిల్లీమీటర్లు, అనగా రెండు మూడు రూపాయి నాణెములు దొంతిగా పెట్టినంత ఉండవచ్చును. ముక్కలన్నియు ఒకే మందముగా నుండుట ముఖ్యము. లేనిచో పలుచనివి మాడిపోవును, దళసరివి పచ్చిగా మిగులును.

ఆవిరిపట్టుట: ఇడ్లీపాత్రలో నీరు మరిగించి, చిల్లుల పళ్లెముపై కూరను పలుచగా పరచి మూతపెట్టవలెను. ఆకుకూరలకు రెండు నిమిషములు, బఠాణీ, గోరుచిక్కుళ్లకు మూడు నిమిషములు, క్యారట్, కాలీఫ్లవర్‌లకు నాలుగు నిమిషములు చాలును. వెంటనే తీసి చల్లని త్రాగునీటిలో ముంచి నీరు వాడ్చవలెను. మరుగునీటిలో ముంచి తీయుటకంటె ఆవిరిపట్టుట మేలు. నీటిలో కరగు విటమినులు అంతగా పోవు. ఆకుపచ్చని రంగు నిలుచుటకై వంటసోడా కలుపు అలవాటు మంచిది కాదు. సోడావలన రంగు నిలుచునుగాని కొన్ని విటమినులు నశించును. బెండ, మిరప, కరివేపాకులకు ఆవిరిపట్టకున్నను లోపము లేదు.

పరచుట: చెక్క చట్రమునకు దోమతెర గుడ్డనుగాని పలుచని నూలుగుడ్డనుగాని బిగించి దానిపై కూరను ఒకే వరుసగా, ముక్కకు ముక్క తగులకుండ పరచవలెను. చట్రమును ఇటుకలపై ఎత్తుగా నిలిపినచో క్రిందినుండియు గాలి ఆడును. నేలపైనగాని, ప్లాస్టిక్ పట్టాపైనగాని పరచినచో అడుగుభాగమున తేమ నిలిచిపోవును. వార్తాపత్రికల కాగితమును ఎంతమాత్రమును వాడరాదు. దాని సిరా ఆహారమునకు అంటుట ఆరోగ్యమునకు హానికరమని దేశ ఆహారభద్రతా, ప్రమాణముల సంస్థ 2016లో హెచ్చరించెను. జింకు పూత పూసిన ఇనుప వలయు తగదు. పైన మరొక పలుచని గుడ్డను కప్పి అంచులు బిగింపవలెను. ఈగలనుండి మాత్రమేకాక, ఢిల్లీ మేడలపై నిత్యము తిరుగు పావురములనుండియు, కోతులనుండియు దీనివలన రక్షణ కలుగును. పావురము రెట్ట పడిన కూరను కడిగి వాడుటకు ప్రయత్నింపక పారవేయవలెను.

ఎండబెట్టుట: ఆకుకూరలు, కరివేపాకు, మునగాకు, కొత్తిమీరలను ఎండ తగులని, గాలి చక్కగా ఆడు వసారాలోగాని గదిలోగాని ఉంచవలెను. కిటికీలు తెరచి, అవసరమైనచో పంకా పెట్టవచ్చును. ఏప్రిల్ నెలలో రెండు మూడు దినములలో ఎండును. కాయగూరల ముక్కలను దక్షిణముఖముగా కొంచెము వాల్చిన చట్రములపై ఎండలో ఉంచవచ్చును. క్యారట్‌కు మాత్రము ఎండ తగులకుండ పైన దళసరి గుడ్డ కప్పుట మంచిది. దినమునకు రెండు మూడు మారులు ముక్కలను తిరుగవేయవలెను. సూర్యాస్తమయమునకు ముందే అన్నింటిని లోనికి తేవలెను. రాత్రి బయట ఉంచినచో పగలు పోయిన తేమలో కొంత మరల చేరును. సామాన్యముగా మూడు నుండి ఐదు దినములు పట్టును.

సౌరపేటిక: సూర్యశక్తిని వంటింటి పనులకు వినియోగించు యత్నము ఢిల్లీలో పాతదే. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో 1950 దశకముననే సూర్యరశ్మితో వంటచేయు పొయ్యిని రూపొందించిరి. ఎండబెట్టుటకు అంతకంటె సులభమగు పేటికను వడ్రంగిచే చేయించుకొనవచ్చును. చెక్కపెట్టె లోపల నల్లరంగు వేయించి, పైన వాలుగా గాజుపలక అమర్చి, ముందుభాగమున అడుగునను, వెనుకభాగమున పైనను వరుసగా రంధ్రములు తొలిపించి, వానికి దోమతెర గుడ్డ బిగించినచో చాలును. క్రిందినుండి ప్రవేశించిన గాలి వేడెక్కి, తేమను తీసుకొని, పైనుండి వెలువడును. దుమ్ము, ఈగలు, పక్షుల బెడద యుండదు. లోపలి వేడి 50 నుండి 60 డిగ్రీల మధ్య ఉండునట్లు చూడవలెను. అంతకు మించినచో ముక్క పైభాగము పెచ్చుకట్టి లోపలి నీరు బయటికి రాజాలదు. ఆకుకూర పెట్టినప్పుడు గాజుపై నల్లగుడ్డ కప్పవలెను.

ఎండినదని తెలుసుకొనుట ఎట్లు?

ఆకును వ్రేళ్ల నడుమ నలిపినచో పొడియగును. బెండ, కాకర, వంకాయ ముక్కలను విరిచినచో టప్పున విరుగును. బఠాణీలను పళ్లెములో వేసినచో గులకరాళ్లవలె చప్పుడు చేయును. వేడిగానున్నప్పుడు పరీక్షింపరాదు, వేడిమీద మెత్తగానున్న ముక్క చల్లారినపిమ్మట గట్టిపడవచ్చును. వంగి విరుగక సాగు ముక్క, మధ్యలో చల్లగా, తడిగా తగులు ముక్క ఇంకను ఎండలేదని తెలిసికొనవలెను.

చల్లార్చిన కూరను గాజుసీసాలో మూడింట రెండువంతులు నింపి మూత బిగించి ఒక వారము ఉంచి, ప్రతిదినము సీసాను కదిలించి చూడవలెను. లోపలిగోడపై నీటిబిందువులుగాని మసకగాని కనబడినచో మరల ఎండబెట్టవలెను. ముక్కలు ఒకదానికొకటి అంటుకొన్నను అట్లే చేయవలెను. వారము గడచినను సీసా నిర్మలముగా నున్నప్పుడే అది దీర్ఘకాలపు నిలువకు అర్హమగును.

బూజు విషయమున ఉపేక్ష కూడదు

ఈ వారము పరీక్ష చాదస్తముగా తోచవచ్చును. దాని అవసరమును రెండు సంఘటనలు తెలుపును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని వ్యాధితో చనిపోయినవి. వానికి పెట్టిన వేరుసెనగపిండికి బూజుపట్టినదనియు, ఆ బూజు ఒక విషమును పుట్టించినదనియు పిమ్మట తేలినది. ఆ విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గ్రామములలో అకాలవర్షములకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నలు తినినవారికి కాలేయము చెడి, నూరుమందికి పైగా మరణించిరి. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు విచారించి అదియే విషము కారణమని నిర్ణయించిరి.

ఆ రెండును గింజలకు సంబంధించిన సంఘటనలు. కాని సరిగా ఎండని మిరపకాయలపైనను, ఇతర ఎండు పదార్థములపైనను అదే జాతి బూజు పెరుగగలదు. వండినంతమాత్రమున ఈ విషము నశింపదు. కడిగినను, మరల ఎండబెట్టినను పోదు. బూజుపట్టిన భాగమును తీసివేసి తక్కినది వాడుట ప్రమాదము. ఒక సీసాలో ఒక ముక్కకు బూజు కనబడినను ఆ సీసాలోనిదంతయు పారవేయవలెను, పశువులకును పెట్టరాదు. ఈ నష్టము స్వల్పముగా నుండుటకై కూరను ఒకే పెద్ద డబ్బాలోగాక, ఒక్కొక్కటి రెండుమూడు వంటలకు చాలు చిన్న సీసాలలో నింపుట యుక్తము.

నిలువ

సీసాలు పూర్తిగా పొడిగానుండవలెను. పేరును, ఎండబెట్టిన తేదీని వ్రాసి అంటింపవలెను. వెలుతురు సోకని, పొయ్యికి దూరముగానున్న అలమారలో ఉంచవలెను. పురుగుపట్టునను సందేహమున్నచో, సీసాను ఫ్రిజ్‌లోని మంచుపెట్టెలో 48 గంటలు ఉంచి, బయటికి తీసి, గది వేడికి వచ్చినపిమ్మటనే మూత తెరువవలెను. చల్లని సీసాను వెంటనే తెరచినచో గాలిలోని తేమ లోపల చేరును. వానకాలమున పదునైదు దినములకొకమారు సీసాలను పరిశీలింపవలెను. తడిచెంచా పెట్టరాదు. వరుగులు సంవత్సరము వరకు నిలిచినను, ఆకుకూరలను ఆరు నెలలలోపల వాడివేయుట మేలు. నిలువ పెరిగినకొలది కెరోటిన్ తగ్గుచుండును.

ఉప్పు విషయము

వరుగులకు ఉప్పు పట్టించుట మన అలవాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు దినమునకు ఐదు గ్రాములకు లోపు ఉప్పు చాలునని నిర్ణయించినది. కిలో ముక్కలకు 50 గ్రాముల ఉప్పు వేసినచో అది ఒక మనిషికి పది దినములకు సరిపడు ఉప్పు. రక్తపుపోటు కలవారి ఇండ్లలో వరుగులు, చల్లమిరపకాయలు నిత్యాహారమగుట తగదు. ఢిల్లీ వేసవిలో ఉప్పు లేకయే ఎండు కూరలకు ఉప్పు వేయకుండుటయే మంచిది. ఉప్పు పట్టించినవానిని వండుటకు ముందు నీటిలో నానబెట్టి, ఆ నీటిని పారబోసి, వంటలో మరల ఉప్పు వేయక వాడవలెను.

వాడుక

ఎండు ముక్కలకు రెండింతల నీరు పోసి అరగంట నుండి గంట వరకు నానబెట్టవలెను. ఉప్పులేని కూరలైనచో నానిన నీటినికూడ వంటలో కలుపవలెను. వేసవిలోను, వానకాలమునను రెండు గంటలకు మించి బయట నానబెట్టరాదు. నీరు చేరినతోడనే ఎండు కూర తాజా కూరవలెనే చెడును. ఎండించుటవలన చావక మిగిలిన సూక్ష్మజీవులు మరల పెరుగ నారంభించును. ఎండిన మెంతి, మునగ ఆకులను నానబెట్టక నేరుగా పప్పులోను, పులుసులోను, చపాతీపిండిలోను కలుపవచ్చును. కెరోటిన్ శరీరమునకు పట్టుటకు కొంచెము నూనెగాని నెయ్యిగాని అవసరము. ఎండు కూరలో లేని విటమిను-సి కొరకు పైన నిమ్మరసము పిండుకొనుటగాని, ఉసిరికాయ తినుటగాని చేయవలెను. దానివలన ఆకులోని ఇనుమును శరీరమునకు చక్కగా పట్టును.

పది గ్రాముల ఎండు మెంతి ఆకు సుమారు 65 గ్రాముల తాజా ఆకునకు సమానము. నలుగురున్న కుటుంబము వానకాలపు మూడు నెలలలో వారమునకు రెండుమారులు, పూటకు 40 గ్రాముల చొప్పున వాడదలచినచో సుమారు ఒక కిలో ఎండు ఆకు కావలెను. దానికి కాడలు తీసిన తాజా ఆకు ఏడు కిలోలు చాలును. పది పండ్రెండు కుండీలుగల మేడతోటనుండి ఇంత యొక్కమారుగా రాకపోయినను, ఫిబ్రవరి, మార్చి నెలలలో కోతకు కొంత చొప్పున ప్రోగుచేయవచ్చును.

దినమునకు కనీసము 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తాజా కూర దొరకు దినములలో దానినే తినవలెను. ఎండు కూర లోటు తీర్చునదేగాని స్థానమును ఆక్రమించునది కాదు. అయినను వానకాలపు మధ్యాహ్నమున పిల్లల కంచములో పప్పన్నముతో పాటు పచ్చని ఆకు ఉండుట మార్చి నెలలో ఇంటివారు చూపిన శ్రద్ధపై ఆధారపడియుండును. శుభ్రముగా కడుగుట, ఆకును నీడలో ఎండబెట్టుట, పూర్తిగా ఎండువరకు వేచియుండుట, పొడిగా, చీకటిలో దాచుట: ఈ నాలుగు నియమములను పాటించు ప్రతి గృహమునను పెరటి పంట ఋతువు గడచినపిమ్మటను ఆరోగ్యము నొసగుచుండును.